మరుభూమి విహారము – మన చంద్రపుర దర్శనము



గడచిన దీపావళి సెలవులకు ముందు ఎనిమిదవ తరగతి పిల్లలకు నేనొక వ్యాస విషయ మిచ్చితిని. "నేను చూడగోరు ప్రదేశము" అనునది దాని శీర్షిక. భూగోళ పాఠములో ఎడారుల ప్రకరణము అప్పుడే ముగిసియుండుటచే కాబోలు, పెక్కుమంది రాజస్థానమును గూర్చియే వ్రాసిరి. ఇసుక తిన్నెలు, ఒంటెలు, జైసల్మేరు కోట, రంగు రంగుల తలపాగలు ప్రతి పుస్తకములోను కనబడినవి. చదివి సంతసించితిని. అయితే మన చంద్రపురమును గూర్చి ఒక్కరును వ్రాయలేదు.

ఒక బాలిక మాత్రము వ్యాసము చివర ఇట్లు వ్రాసినది: "మా ఊరిలో చూడదగిన దేమియు లేదు. అసలు మా ఊరేదో నాకు తెలియదు. ఇక్కడ మమ్ము తెలుగువారందురు. సెలవులలో తాతగారి ఊరికి పోయిన మరాఠీవారందురు."

ఎర్రసిరా కలము చేత బట్టుకొని ఆ వాక్యములను మరల మరల చదివితిని. అందు దిద్దవలసిన భాషాదోష మేదియు లేదు. వ్యాకరణము శుద్ధముగనే యున్నది. ఆ పుస్తకమునకు మార్కులు వేయగలిగితిని గాని, ఆ మాటలకు ఉత్తరము వెంటనే చెప్పజాలనైతిని. ఈ పాఠము ఆ ఉత్తరమే యని భావింపుడు.

1. మరుభూమికి జనులేల పోవుదురు?

రాజస్థానమునకు పశ్చిమ భాగమున థార్ ఎడారి వ్యాపించియున్నది. అచ్చట వర్షము అత్యల్పము. వేసవిలో పగటివేళ బయట నిలువ శక్యము కాదు. శీతకాలపు రాత్రులు వణికించును. అట్టి చోటికి ప్రతి సంవత్సరము చలికాలమున దేశదేశములనుండి యాత్రికులు వచ్చుచుందురు. వారు చూడవచ్చునవి ముఖ్యముగ నాలుగు.

మొదటిది కోట. జైసల్మేరు కోటను 1156వ సంవత్సరమున రావల్ జైసలుడను రాజు త్రికూటమను కొండపై కట్టించెను. పసుపుపచ్చని ఇసుకరాతి కట్టడము గాన ప్రొద్దు గ్రుంకు వేళ బంగారమువలె మెరయును. ఆ కోటలో నేటికిని జనులు కాపురముండుట దాని విశేషము.

రెండవది చెరువు. గడీసర్ అను తటాకము 14వ శతాబ్దము నాటిది. ఎడారి నడుమ నున్న ఆ పట్టణమునకు చిరకాలము త్రాగునీ రిచ్చి బ్రదికించిన దదియే.

మూడవది శిలాజ వనము. జైసల్మేరునకు 17 కిలోమీటర్ల దూరమున ఆకల్ అను చోట, సుమారు 18 కోట్ల సంవత్సరముల నాటి చెట్ల మ్రాకులు రాళ్లుగా మారి పడియున్నవి. నేడు గడ్డిపోచ మొలచుట కష్టమైన ఆ భూమిలో ఒకప్పుడు మహారణ్య ముండెననుటకు అవియే సాక్షులు.

నాలుగవది వన్యప్రాణి. అచ్చటి ఎడారి జాతీయోద్యానము 3,162 చదరపు కిలోమీటర్ల వైశాల్యము గలది. బట్టమేక పిట్ట యను పెద్ద పక్షికి అది ముఖ్యమైన ఆశ్రయము. ఈ పక్షి నేడు ప్రపంచమునందే మిక్కిలి అరుదైపోయినది. ఒకప్పుడు మన వరోరా, భద్రావతి మైదానములందు కూడ అది సంచరించెడిది.

కోట, చెరువు, శిలాజము, వన్యమృగము. ఈ నాలుగింటిని చూచుటకై యాత్రికుడు వెయ్యి కిలోమీటర్లు ప్రయాణము చేయుచున్నాడు. ఈ నాలుగును మన ప్రాంతమున కలవని చెప్పినచో మీరు నమ్ముదురా? ఇంకొక మాట కూడ చెప్పెదను. వేసవిలో మన విదర్భమునకు వీచు పొడి వడగాలి సామాన్యముగ వాయవ్య దిక్కునుండి, అనగా ఆ ఎడారి వైపునుండియే వచ్చును. మనము మరుభూమికి పోకున్నను, మరుభూమి గాలి ప్రతి వైశాఖమున మన గుమ్మము లోనికి వచ్చుచున్నది.

2. మనము దినదినము దాటెడి కోట

మీలో చాలమంది జట్పురా ద్వారము క్రిందుగా బడికి వచ్చుచుందురు. దాని గోడపై చెక్కియున్న బొమ్మ ఏదియో ఎందరు చెప్పగలరు? ఏనుగును లోబరచుకొన్న సింహము! అది గోండు రాజుల చిహ్నము.

ఈ నగరమును ఖాండక్య బల్లాళశాహ అను గోండు రాజు స్థాపించెనని జనశ్రుతి. వార్ధా నది యొడ్డున బల్లార్‌పూరులో నివసించుచున్న ఆ రాజు దేహమంతయు కురుపులతో బాధపడుచుండెను. ఒకనాడు వేటకు వెడలి, దప్పిగొని, ఎండిన ఝర్‌పట్ వాగులో ఒక గుంటయందలి నీరు త్రాగి ముఖము కడుగుకొనెను. ఆ రాత్రి ఎన్నడు లేని నిద్ర పట్టెను. మరునాడు కురుపులు తగ్గినవి. ఆ చోటనే అంచలేశ్వరాలయము వెలసినది. మరియొక దినమున నుదుట తెల్లని మచ్చ గల కుందేలొకటి రాజుగారి వేటకుక్కను తరుముట కనబడెను. కుందేలు కుక్కను తరిమిన నేల వీరభూమియని యెంచి, ఆ జాడ వెంబడి ప్రాకారమునకు పునాది వేయించెనట. పిమ్మటి రాజుల కాలమున గోడ పూర్తియైనది.

కథ యెట్లున్నను గోడ నిజము. ఇరయి, ఝర్‌పట్ నదుల నడుమ నిలిచిన ఆ ప్రాకారపు చుట్టుకొలత సుమారు 11 కిలోమీటర్లు. ఉత్తరమున జట్పురా, తూర్పున అంచలేశ్వర, దక్షిణమున పఠాన్‌పురా, పడమట బింబా అను నాలుగు మహాద్వారములు కలవు. ఇవిగాక ఐదు చిన్న ద్వారములున్నవి. వీనిని ఖిడికీలందురు. బగడ్, హనుమాన్, విఠోబా, చోర్, మసణ్ అనునవి వాని పేర్లు. పేర్లలోనే పూర్వకాలపు నగర జీవనమంతయు దాగియున్నది. మసణ్ ఖిడికీ గుండ ప్రజలెచ్చటికి పోవుచుండిరో వేరుగ చెప్పనక్కర లేదు.

గోండు రాజ్యము 1751లో నాగపూరు భోంస్లేల వశమైనది. 1818లో ఆంగ్లేయులు కోటను ముట్టడించి పట్టుకొనిరి. తరువాతి కాలమున గోడపై పిచ్చిచెట్లు మొలచి, బురుజులు చెత్తకుప్పలైనవి. అప్పుడు ఎవరు పూనుకొనిరి? ఢిల్లీనుండి ఎవరును రాలేదు. 2017లో ఎకో-ప్రో యను స్థానిక సంస్థకు చెందిన యువకులు పారలు, కొడవళ్లు చేతబట్టి, ప్రతిదినము వేకువనే పోయి, నెలల తరబడి కోటగోడను శుభ్రపరచిరి. వారి శ్రమ దేశమంతట ప్రశంస నందుకొన్నది. ఒక ఊరు చూడదగినదగుటకు పూర్వులు కట్టిన గోడ యొక్కటియే చాలదు. దానిని తన దనుకొని చీపురు పట్టిన చేయి కూడ కావలయును.

3. రాణి హీరాయి, మహాకాళి, చెరువు

అంచలేశ్వర ద్వారము చెంత గోండు రాజుల సమాధులున్నవి. వానిలో పెద్దది బీరశాహ అను రాజుది. 18వ శతాబ్దపు ఆరంభమున ఆయన మరణింపగా భార్య హీరాయి దానిని కట్టించెను. మహారాజులు తమ రాణులకు కట్టించిన సమాధిని చూచుటకు మనవారు ఆగ్రా పోవుదురు. రాణి తన భర్తకై కట్టించిన సమాధి మన ఊరిలోనే యున్నది. మహాకాళి దేవాలయమునకు నేటి రూపమిచ్చినది కూడ ఆ రాణియే యందురు. చైత్రమాసమున జరుగు మహాకాళి జాతరకు మరాఠ్వాడా నుండియు తెలంగాణము నుండియు యాత్రికులు తరలివచ్చి, ఝర్‌పట్‌లో స్నానమాడి అమ్మవారిని సేవింతురు. ఆ పది దినములు గుడి వీథిలో నిలిచి వినుడు. తెలుగు, మరాఠీ రెండును ఒకే వరుసలో నిలుచుండి ఒకే తల్లిని పిలుచుట మీ చెవులకు వినబడును.

కోట లోపలి రామాళా చెరువు గోండు రాజుల నాటిదే. గడీసర్‌వలె ఇదియు ఎండనాట నగరమునకు జలనిధిగా నుండినది. నేడు మన కుళాయిలకు నీరు ఇరయి జలాశయమునుండి వచ్చుచున్నది. ఆ జలాశయపు టొడ్డున మొహర్లీ యున్నది. మొహర్లీ దాటిన పులుల యడవి. కావున మీరు ప్రొద్దుట త్రాగెడి గ్రుక్కెడు నీరు, తాడోబా పులి త్రాగెడి నీరు ఒకే అడవి పెట్టిన భిక్షయని గ్రహింపుడు.

4. రాయప్ప రాళ్లు

లాల్‌పేటలో ఆరుబయట పడియున్న మహాశిలా విగ్రహములను చూచితిరా? ఇవి కేంద్ర పురాతత్త్వ శాఖ రక్షణలో నున్నవి. అందు పది తలల దుర్గ మిక్కిలి పెద్దది. ఇరువది యడుగులకు మించిన ఒకే రాతియందు మలచిరి. పది తలలు చూచి జనులు రావణుడని పిలుచుట కలదు. శివలింగము, నంది, ఇతర దేవతామూర్తులు చుట్టునున్నవి. గోండు రాజుల కాలమున రాయప్ప యను కోమటి వర్తకుడు గొప్ప శివాలయమును కట్టదలచి ఈ విగ్రహములను చెక్కించెననియు, గుడి పూర్తిగాక మునుపే మరణించెననియు చెప్పుదురు. గుడి లేదు, దేవతలు మాత్రము నాలుగు శతాబ్దములుగా ఎండకు వానకు ఓర్చుకొని వేచియున్నారు.

రాయప్ప, కోమటి. ఆ రెండు మాటలను మెల్లగ ఉచ్చరింపుడు. తెలుగు పలుకుబడి ఈ నగరమునకు బొగ్గు గనులతోడను, కాగితపు మిల్లుతోడను నిన్నమొన్న వచ్చినది కాదని ఆ పేరే చెప్పుచున్నది.

5. ఎండలో యాత్ర – నా తప్పిదము

రాయప్ప రాళ్లను గూర్చి చెప్పునప్పుడెల్ల నాకొక సంఘటన జ్ఞప్తికి వచ్చును. దానిని దాచుట ఉపాధ్యాయ ధర్మము కాదు.

నేను వరంగల్లున శిక్షణ ముగించుకొని, ఉద్యోగములో చేరి, ఈ ప్రాంతమునకు వచ్చిన క్రొత్త. పరీక్షలు ముగిసినవి. ఏప్రిల్ మాసము. పిల్లలను లాల్‌పేట చూపింతునని ఉదయము పదిన్నరకు బయలుదేరదీసితిని. ఇరువదియిద్దరు పిల్లలకు నాలుగు సీసాల నీరు. వరంగల్లు ఎండ నెరుగుదును గదా, ఈ యెండ ఎంతటిదను ధీమా. పండ్రెండు గంటలకు ఏడవ తరగతి బాలుడొకడు తల నొప్పియనెను. కొంచెము నిలువుమంటిని. మరి రెండు నిమిషములలో వాడు కూలబడెను. ముఖము ఎర్రబారినది; చర్మము కాలుచున్నది; మాటలు తడబడుచున్నవి.

సమీపపు ఇంటినుండి ఒక వృద్ధురాలు పరుగున వచ్చి, వానిని వేపచెట్టు నీడకు చేర్పించి, చొక్కా విప్పించి, కడివెడు నీళ్లు వాని మీద పోసి, తడిగుడ్డ మెడకు చుట్టి, చీరచెరగుతో విసరెను. ఆమె నాతో మరాఠీలో ఏదియో గట్టిగా పలికినది. నాకప్పటికి మరాఠీ రాదు. ప్రక్కనున్న పిల్లవాడు తెలుగున చెప్పెను: "మాస్టారూ! ఈ యెండలో గొడ్లను కూడ తోలరు, పిల్లలను తెత్తురా యని అడుగుచున్నదండి." నేను తల వంచుకొంటిని. బాలుని ఆసుపత్రికి చేర్చితిమి. సాయంకాలమునకు వాడు తేరుకొనెను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ దినమున రెండు సంగతులు నేర్చుకొంటిని. చంద్రపురపు ఎండను తక్కువ చూడరాదనుట మొదటిది. ఇచ్చట వేసవిలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటుట సామాన్యము. కొన్ని సంవత్సరములందు 47, 48 వరకు పోయినది. రెండు భాషలు వచ్చిన పిల్లవాడు ఆపత్సమయమున ఒక భాష వచ్చిన మాస్టరుకంటె మేలనుట రెండవది.

ఇందలి శాస్త్రము గమనింపుడు. చెమట ఆరునప్పుడు దేహపు వేడిని తీసికొనిపోవును. పొడిగాలిలో చెమట వెంటనే ఆరిపోవుటచే, మన దేహమునుండి ఎంత నీరు పోయినదో మనకు తెలియదు. నీరు తగ్గిన కొలది చెమట తగ్గును. వేడి లోపలనే నిలిచిపోవును. అదియే వడదెబ్బ. కావున ఈ నియమములు పాటింపుడు:

విహారమునకు కార్తికమునుండి మాఘము వరకు ఉత్తమ కాలము. వేసవిలో పోవలసివచ్చిన తెల్లవారుజామున బయలుదేరి పది గంటలలోపల ఇల్లు చేరవలయును. తలకు తెల్లని నూలు తువాలు చుట్టుకొనవలయును. దప్పి వేయువరకు ఆగక, నడుమ నడుమ నీరు త్రాగవలయును. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, నిమ్మరసము మేలు. తల నొప్పి, తల తిరుగుడు, వాంతి, కండరములు పట్టుట కనబడిన తోడనే నీడకు చేరి విశ్రమింపవలయును. మాట తడబడినను, స్పృహ తప్పినను దేహమును నీళ్లతో తడిపి, విసరుచు, వెంటనే వైద్యుని కడకు గొనిపోవలయును. స్పృహ లేనివారి నోట నీరు పోయరాదు.

6. తరువు దేవుని అడవి

తాడోబా మహారాష్ట్రమునందలి అన్ని జాతీయోద్యానములలో పురాతనమైనది. 1955లో 116 చదరపు కిలోమీటర్లకు పైబడిన భూమిని జాతీయోద్యానముగా ప్రకటించిరి. 1986లో అంధారీ అభయారణ్యము, 1995లో రెండును కలిపి సుమారు 625 చదరపు కిలోమీటర్ల పులుల సంరక్షణ కేంద్రము ఏర్పడినవి. అంధారీ యనునది ఆ యడవిలో ప్రవహించు నది పేరు. తాడోబా పేరునకు మూలము తారు అను గ్రామపెద్ద. ఆయన పులితో పోరాడి మరణింపగా, గిరిజనులు చెరువుగట్టున పెద్ద చెట్టు క్రింద ఆయనకు గుడి కట్టి దేవునిగా కొలుచుచున్నారు. పులి చేత చచ్చినవాని పేరిటి యడవిలో నేడు పులిని రక్షించుచున్నారు. ఇందులోని ధర్మసూక్ష్మమును ఆలోచింపుడు.

టేకు, వెదురు, ఇప్ప, తునికి, నల్లమద్ది ఈ యడవి వృక్షములు. పులి, చిరుత, ఎలుగుబంటి, అడవిదున్న, రేచుకుక్క, కణుజు, దుప్పి ఇచ్చట నివసించును. తాడోబా చెరువులో మొసళ్లు కలవు. వర్షాకాలమున లోపలి యడవిని యాత్రికులకు మూసివేయుదురు. తెరచిన దినములలో నియమితమైన వాహనములందే పోవలయును. బండి దిగుట, కేకలు వేయుట, తినుబండారములు విసరుట నిషిద్ధము.

పులిని చూచుటకు వచ్చువానికి అది వేడుక. అడవి యంచున నున్న పల్లెవానికి అది ప్రాణసంకటము. ఇప్పపువ్వు ఏరుటకును, తునికాకు కోయుటకును తెల్లవారుజామున అడవికి పోయిన స్త్రీలు, పురుషులు ప్రతి సంవత్సరము పులుల బారిన పడుచున్నారు. మన విద్యుత్ కేంద్రపు ఆవరణలో కూడ పులులు తిరుగాడుట మీరెరుగుదురు. 2022లో అచ్చట పని ముగించుకొని ఇంటికి పోవుచున్న కార్మికుడొకడు పులిచే హతుడయ్యెను. కావున తాడోబా వెళ్లినపుడు పులి కనబడలేదని చింతింపకుడు. అడవిని చూచి, పులి కొరకు పొలము విడిచిన గ్రామస్థులను, కాపలా తిరుగు వనరక్షకులను తలచుకొని నమస్కరించి రండు.

7. రాతిలో తెలుగు పేర్లు

ఇక శిలాజములు. దీనికి దక్షిణముగ సిరొంచకు పోవలయును. ఇప్పుడది గడ్చిరోలి జిల్లా. వార్ధా, వైనగంగ నదులు కలిసి ప్రాణహిత యగును. ఆ ప్రాణహిత సిరొంచ చెంత గోదావరిలో చేరును. ఎదుటి యొడ్డున కాళేశ్వరము. 2022 ఏప్రిల్‌లో జరిగిన ప్రాణహిత పుష్కరములకు మీలో కొందరు సిరొంచ పోయి స్నానమాడియుందురు.

సిరొంచ సమీపమున వడదం అను గ్రామము కడ శిలాజోద్యానము కలదు. ప్రాణహిత యొడ్డుననే కోట యను చిన్న గ్రామము కలదు. 19వ శతాబ్దపు నడుమనే అచ్చటి సున్నపురాతిలో చేపల శిలాజములు దొరకినవి. నాటినుండి భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ రాతిపొరలకు కోట శిలాశ్రేణి యని పేరిడిరి. ఇవి ఆకల్ శిలావృక్షములవలెనే జురాసిక్ యుగమునకు చెందినవి.

ఈ లోయలోనే, పోచంపల్లి యను గ్రామ ప్రాంతమున, 1958 మొదలు 1961 వరకు పెద్ద రాక్షసబల్లి యెముకలు వందల కొలది దొరకినవి. రవీంద్రనాథ టాగూరు శతజయంతి సంవత్సరమున త్రవ్వకము జరుగుటచే దానికి బారాపాసారస్ టాగోరై యని పేరు పెట్టిరి. దాని అస్థిపంజరమును కొలకత్తాలోని భారత గణాంక శాస్త్ర సంస్థలో నిలిపియున్నారు. అదే లోయలో, నది కావలి యొడ్డున, యామనపల్లి వద్ద దొరకిన మరియొక రాక్షసబల్లికి 1988లో కోటాసారస్ యామనపల్లియెన్సిస్ అని నామకరణము చేసిరి. అది హైదరాబాదులోని బిర్లా విజ్ఞాన కేంద్రమున నున్నది. కోట, యామనపల్లి! ప్రపంచమున ఏ దేశపు శాస్త్రజ్ఞుడైనను ఆ జంతువును గూర్చి వ్రాయవలసినచో ఈ రెండు తెలుగు పల్లెల పేర్లు వ్రాయక తప్పదు.

8. మా ఊరేది?

ఇప్పుడా బాలిక ప్రశ్నకు వత్తము.

1874లో ఎగువ గోదావరి జిల్లా రద్దుకాగా సిరొంచ ప్రాంతము చాందా జిల్లాలో చేరెను. 1982లో అదే ప్రాంతము గడ్చిరోలి జిల్లా యయ్యెను. రాజురా తాలూకా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రపు ఆదిలాబాదు జిల్లాలోనిది. ఆ సంవత్సరమున బొంబాయి రాష్ట్రములో చేరి నాందేడు జిల్లాలో కలిసినది. 1959లో చాందా జిల్లాకు వచ్చినది. 1960 మే 1వ తేదీన మహారాష్ట్రము ఏర్పడగా అందులోని దైనది. 1950లో రాజురాలో పుట్టిన అవ్వ, పుట్టినింటి గడప దాటకుండగనే, పదేండ్లు నిండులోపల మూడు రాష్ట్రములలోను మూడు జిల్లాలలోను కాపురముండినది. ఆమె కదలలేదు, ఎల్లలు కదలినవి. పిమ్మట గనులలో పనికి కరీంనగరమునుండియు, ఆదిలాబాదునుండియు వచ్చిన మీ తాతలు ఆమె వంటివారి ప్రక్కన ఇండ్లు కట్టుకొనిరి.

అమ్మాయీ! గోండు రాజు కట్టిన గోడలో, తెలుగు వర్తకుని రాళ్ల ప్రక్కన, మరాఠీ అవ్వ పోసిన నీళ్లతో బ్రదికిన బాలుడు చదివిన బడిలో నీవు చదువుచున్నావు. ఇది నీ ఊరు. ఇక్కడివారు నిన్ను తెలుగుపిల్ల యనిన అది సత్యము. తాతగారి ఊరివారు మరాఠీపిల్ల యనిన అదియు కొంత సత్యమే. ఎదుటివారు తెలియక పెట్టిన ఆ రెండు పేర్లను రెండు ఆస్తులుగా లెక్క వేసికొనుము. అయితే ఆస్తి యనునది అనుభవించినప్పుడే మనది. తాతగారి ఊరి పిల్లలు ఈసారి నిన్ను ఎగతాళి చేసినచో, జట్పురా ద్వారముమీది సింహమును, రాయప్ప దుర్గను, తారు దేవుని కథను వారికి చక్కని తెలుగులో చెప్పుము. వారు వినుటకు నీ చుట్టు చేరకపోయినచో నన్నడుగుము.

తల్లిదండ్రులకు నా విన్నపము. సెలవు వచ్చిన తోడనే ఊరికి రైలెక్కుట మన అలవాటు. ఊరికి పోవలదనను. పోవుటకు ముందు ఒక్క ఆదివారము ఉదయము పిల్లలను వెంటబెట్టుకొని మన కోటగోడ వెంబడి నడువుడు. దానికి టిక్కెట్టు లేదు, ఖర్చు లేదు. సీసాడు నీరు, ఒక తువాలు చాలును. దారిలో మీరెరిగిన కథ తెలుగున చెప్పుడు. మీరెరుగని దానిని పొరుగువారిని మరాఠీలో అడిగి తెలిసికొనుడు. పిల్లవానికి ఊరు అట్లే సొంతమగును.

వచ్చు మాసమున ఎనిమిదవ తరగతివారికి మరల అదే వ్యాస విషయ మీయదలచితిని. జైసల్మేరు వ్రాసినవారికి మార్కులు తగ్గింపను. చంద్రపురము వ్రాసినవారి వ్యాసమును ఈ పత్రికలో అచ్చువేయింతును.

అభ్యాసము

1. కోట నాలుగు ద్వారముల పేర్లను, అవి యే దిక్కున నున్నవో వ్రాయుడు. మీ ఇంటికి దగ్గరది యేది?
2. గడీసర్, రామాళా చెరువులను పోల్చుచు పది వాక్యములు వ్రాయుడు.
3. పొడిగాలిలో వడదెబ్బ తెలియకుండ వచ్చుటకు కారణమేమి? వడదెబ్బ తగిలిన వానికి చేయవలసిన ప్రథమ చికిత్స యేది?
4. వార్ధా, వైనగంగ, ప్రాణహిత, గోదావరి నదుల పటము గీసి, సిరొంచ, కోట, కాళేశ్వరములను గుర్తింపుడు.
5. మీ ఇంటి పెద్దలను అడిగి, మీ కుటుంబ మెప్పుడు, ఎచ్చటినుండి, ఏ పనిమీద ఈ ప్రాంతమునకు వచ్చినదో, లేక ఎల్లలు మారుటచే ఇచ్చటనే నిలిచినదో ఒక పుట వ్రాసి తెండు.